గోడకు తగిలే ఎండ

"ఏమ్మోయ్ పిట్ట తల్లీ! సూర్యుడికి జ్వరం చూస్తున్నావా ఏంటి?"

కింది అంతస్తు కిటికీలోంచి కుట్టుమిషనావిడ తల బయటపెట్టింది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే మాట్లాడడం ఆవిడ అలవాటు. ఆవిడ నవ్వినప్పుడల్లా ఏ సూది గొంతులోకి జారుతుందోనని పిట్ట తల్లికి గుండె పీచుపీచుమంటుంది.

"చూస్తున్నానండీ," అంది ఇనప మెట్ల మీదనుంచి, కళ్ళు పక్కకు తిప్పకుండా.

"ఎంతుందేంటి?"

"బాగానే కాలుతోంది."

"అయితే మాత్ర గీత్ర వెయ్యకు తల్లీ. చల్లబడిందంటే నా గుడ్డలు ఆరి చావవు."

పిట్ట తల్లి మెడలో తాడుకు ఒక పాత మీటరు వేలాడుతోంది. దాని వైర్లు రెండూ ఆమె చేతిలోని చిన్న నల్ల పలకకు అతికి ఉన్నాయి. తోటల్లో పెట్టే సోలారు దీపం పాడైపోతే దాని నెత్తి మీదనుంచి ఊడదీసిన పలక అది, అరచేయంత కూడా లేదు. ఎండ పడితే అందులో కరెంటు పుడుతుంది. ఎండ ఎంత గట్టిగా ఉంటే మీటరులో ముల్లు అంత ముందుకు జరుగుతుంది. మీటరు అద్దం మీద ఎర్ర సిరాతో గీసిన గీత ఒకటుంది. ఆమె పలకను కొద్దిగా పైకెత్తింది, కొద్దిగా పక్కకు వంచింది. ముల్లు బద్ధకంగా లేచి, గీతను తాకి, దాటింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

ఆ ముల్లు గీత దాటితే పిట్ట ఇంటికొస్తుంది. దాటకపోతే రాదు. అంతకుమించి ఆ మీటరు గురించి ఆమెకు తెలిసిందేమీ లేదు, తెలుసుకోవాలనీ లేదు.

పిట్టకు రెండో ఏడు దాటింది. పుట్టినప్పుడు దోసిట్లో పట్టేంత ఉందని తండ్రి పెట్టిన ముద్దుపేరే నిలిచిపోయింది. మొదటి చలికాలంలోనే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. "పిట్టలోకి పిల్లి దూరిందే!" అని తండ్రి నవ్వించబోయాడు. మరుసటి చలికాలంలో పిల్ల పెదాలు నీలం తిరిగి, ఆస్పత్రి వార్డులో ముక్కుకు గొట్టం పెట్టించుకుని పడుకున్నాక, ఆ ఇంట్లో పిల్లి ఊసెత్తిన వాళ్ళు లేరు.

తప్పంతా గదిది. పై అంతస్తులో చివరి గది. మూల గోడ ఏడాది పొడుగునా చెమట పట్టినట్టే ఉంటుంది. సున్నం పొక్కులు పొక్కులుగా లేచి, చీపురు తగిలితే చాలు రాలిపోతుంది. పెట్టెలో మడిచి పెట్టిన బట్టలు తీస్తే బూజు వాసన. పోయిన చలికాలం హీటరు పెడితే మెట్ల కింద ఫ్యూజు బోర్డు అంటుకుని అంతస్తంతా చీకటైంది. హీటరు కావాలంటే వేరే ఇల్లు చూసుకోండని ఇంటివాళ్ళు అప్పుడే తేల్చేశారు. డాక్టరమ్మ కూడా తేల్చే చెప్పింది. "మందులు నేనివ్వగలను. గది నేనివ్వలేను కదమ్మా. ఇంకో చలికాలం ఆ చెమ్మలో పడుకోబెట్టారంటే నన్నడగొద్దు."

అందుకని ఈ ఏడు చలి మొదలవకముందే ఆడపడుచు వచ్చి పిల్లను తనింటికి తీసుకెళ్ళింది. "గది వెచ్చబడిన రోజు ఒక్క ఫోన్ కొట్టు. ఆ ఆదివారమే తెచ్చి దింపేస్తా," అంది. పొడి గోడల ఇల్లు, పిల్లలు లేని ఇల్లు. ఆవిడ మాటలో ఎక్కడా వంకర లేదు. వంకరుంటే పిట్ట తల్లి పోట్లాడేది. మంచితనంతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియదు. పిల్ల వెళ్ళిన దగ్గరనుంచీ ఆమె ఏ పని చేస్తున్నా మధ్యలో ఆగి చెవి రిక్కించేది. ఊపిరి వినబడకపోతే ఉలిక్కిపడేది. తర్వాత గుర్తొచ్చేది, ఊపిరి తీసే మనిషే ఇక్కడ లేదని.

భర్తది రేడియేటర్ల పని. వేడెక్కి ఆగిపోయిన బండ్లు అతని షెడ్డు ముందు వరసకడతాయి. "పొద్దస్తమానం ఇంజన్లు చల్లబరిచేవాణ్ణి, ఒక్క గది వెచ్చబెట్టలేనా?" అని ఒక సాయంత్రం లేచాడు. ఆలోచన అతనిదే. తలుపంత చెక్కపెట్టె, లోపల నల్లరంగు పూసిన అల్యూమినియం రేకు, పైన అద్దం. దాన్ని బయటి గోడకు బిగించాలి. గోడకు కింద ఒక కన్నం, పైన ఒక కన్నం. గదిలోని చల్లగాలి కింది కన్నంలోంచి పెట్టెలోకి వెళ్ళి, ఎండకు కాలిన రేకును రాసుకుంటూ లేచి, పై కన్నంలోంచి వెచ్చగా తిరిగొస్తుంది.

"ఎండలో నిలబెట్టిన బండి తలుపు తీస్తే గుప్పుమని కొడుతుంది చూడూ, ఆ గుప్పును ఇంట్లోకి పట్టుకొస్తానే."

"గుప్పుమంటే పిల్లకు ఊపిరాడుతుందా?" అంది ఆమె.

"నీకు చలైనా భయమే, వేడైనా భయమే. మధ్యలో ఎక్కడుంటావో చెప్పు, అక్కడ మేకు కొడతా."

చిక్కల్లా అద్దంతోనే. అంత పెద్ద అద్దం వాళ్ళింట్లో కిటికీకి తప్ప ఇంకెక్కడా లేదు. వీధివైపున్న ఆ ఒక్క కిటికీలోంచే పొద్దున కాసేపు చేతిరుమాలంత ఎండ చాప మీద పడుతుంది. పిట్ట దాన్ని గోటితో గీకి తియ్యాలని చూసేది. రాకపోతే "తీసివ్వు" అని తల్లిని పిలిచేది. ఎదుటి మేడ నీడ పడగానే "పోయింది" అని రెండు చేతులూ తిప్పేది. అద్దం తీసి అక్కడ చెక్క కొడితే ఆ రుమాలు కూడా ఉండదు. కానీ మెట్లవైపు గోడ మీద మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఎండే ఎండ.

వీధి మొదట్లో టీవీలు, రేడియోలు బాగుచేసే పెద్దాయన్ని అందరూ మీటరు మావయ్య అంటారు. ఆయనే అతని ఉత్సాహానికి కళ్ళెం వేశాడు. "అద్దం పీకేశాక ఏడిస్తే లాభం లేదురా. ముందు ఆ గోడకు ఎండ ఎంత తగులుతుందో చూసుకో." పాత మీటరు, పలక ఇచ్చి, తనే గీత గీశాడు. "ముల్లు దీన్ని దాటి నిలబడితే పెట్టె కట్టు. దాటకపోతే నీ రేడియేటర్ల దగ్గరికి నువ్వు పో."

పగలంతా అతను షెడ్డులో ఉంటాడు కాబట్టి కొలిచే పని ఆమెకొచ్చింది. "మెట్ల మీద నిలబడి పలకకు ఎండ చూపించు. ముల్లు గీత దాటిందో లేదో సాయంత్రం చెప్పు, చాలు," అన్నాడు. తొమ్మిదో తరగతి మధ్యలో ఆమెను బడి మాన్పించారు. ఇది నువ్వే చూసి చెప్పాలి అంటూ ఒక పరికరం చేతికిచ్చిన వాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు. పలకను కొంగుతో రెండుసార్లు తుడిచింది.

మొదటి రోజు పలకను గోడకు ఆనించి పట్టుకుంది. ముల్లు కాస్త కదిలి, గీతకు చాలా ఇవతలే కూలబడింది. గోడ తడిమి చూసింది, వెచ్చగానే ఉంది. ఎండ మొహం మీద చురుక్కుమంటూనే ఉంది. మరి ముల్లెందుకు లేవదు? పిట్టకు జ్వరం చూసేటప్పుడూ ఇంతే. ఒళ్ళు పెనంలా కాలుతుంటే థర్మామీటరు ఏమీ లేదంటుంది. అంటే సరిగ్గా పెట్టలేదన్నమాట. చంక గట్టిగా నొక్కి, మళ్ళీ పెట్టి, జ్వరం దొరికేదాకా చూడాలి. వార్డులో నర్సు కూడా మళ్ళీ మళ్ళీ పెట్టి, ఎక్కువొచ్చిందే లెక్కలోకి తీసుకునేది. ఆమె పలకను గోడమీదనుంచి తీసి సూర్యుడివైపు తిప్పింది. ముల్లు లేచింది. ఇంకాస్త తిప్పింది. గీత దాటింది.

దొరికింది, అనుకుంది.

సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే "దాటింది" అని చెప్పేసింది. మసి పట్టిన ఆ మొహం ఒక్కసారిగా విప్పారింది. ఆ మొహం అలా వెలిగి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మెట్లెక్కినప్పుడు గోడ సంగతి ఆమెకు గుర్తే రాలేదు. సూర్యుడెక్కడుంటే అక్కడికి తిప్పింది. మబ్బు పట్టిన రోజు తప్ప రోజూ దాటింది.

ఒక ఆదివారం ఇద్దరూ పిల్లను చూడ్డానికి వెళ్ళారు. ఆడపడుచు ఇంట్లో అడుగుపెట్టగానే పాదాలకు వెచ్చదనం తగిలింది. పిట్ట బుగ్గలు నిండాయి. ఎత్తుకుని వీపుకు చెవి ఆనించి వింది ఆమె. ఎంత విన్నా పిల్లికూతలు లేవు. సంతోషించాల్సింది పోయి, రెండో వైపు చెవి ఆనించి మళ్ళీ వింది. పిట్ట ఆమె చేతుల్లోంచి జారి దిగి, లోపలికి పరిగెత్తి, తన చిన్న కుర్చీ ఈడ్చుకొచ్చి తల్లి ముందు పెట్టింది. ఇంటికొచ్చిన వాళ్ళతో మేనత్త మాట్లాడే గొంతుతోనే, "కూచోండి. నీళ్ళు తాగుతారా?" అంది.

తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓసి నీ మర్యాద తగలెయ్య! నన్ను నిలబెట్టే ఉంచుతావా?"

"మీ అమ్మేనే పిచ్చిమొహమా, చుట్టం కాదు," అని ఆడపడుచు పిల్లను కసిరింది. పిట్ట తల్లి కూడా నవ్వింది. బొమ్మంత కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. పిల్ల రెండు చేతులతో పట్టుకొచ్చిన గ్లాసులో నీళ్ళు తాగింది. వెళ్ళేటప్పుడు పిల్ల ఏడిస్తే ఎలా ఓదార్చాలా అని వచ్చేటప్పుడు దారంతా మాటలు కూడబెట్టుకుంది. ఆ మాటలతో పని పడలేదు. పిట్ట గుమ్మంలో నిలబడి, "మళ్ళీ రండి," అని చెయ్యూపింది.

బస్సులో భర్త, "ఇక ఆగొద్దు. రేపే అద్దం తీసేస్తా," అన్నాడు.

"మావయ్యని ఒకసారి వచ్చి చూడమందామా?"

"రోజూ దాటుతోందన్నావుగా?"

"దాటుతోంది."

"మరి?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఆమెకు రోజూ ఉండే భయాల్లో ఇదీ ఒకటి అనుకుంది. భయాలన్నిటినీ లెక్కచేస్తే పూట గడవదు. "తీసెయ్యండి," అంది.

పెట్టె తయారవుతుంటే వరండాలో పండగ వాతావరణమే. అతను ఈల వేస్తూ రేకుకు నల్లరంగు పూశాడు. ముక్కు మీద రంగు మరక చూసి కుట్టుమిషనావిడ, "దిష్టిచుక్క నువ్వే పెట్టుకున్నావా అబ్బాయ్, ఎవరైనా పెట్టారా?" అంది. రంగు ఆరకముందే అతను అక్కకు ఫోన్ చేసి, "ఈ ఆదివారం తెచ్చెయ్యక్కా," అని చెప్పేశాడు. "ఈ ఆదివారమేనా?" అంది అక్క. తర్వాత "అలాగేరా" అని వినబడింది.

కిటికీ అద్దం ఊడొచ్చింది. ఆ చోట చెక్క కొట్టగానే పట్టపగలు గదిలో దీపం వెయ్యాల్సి వచ్చింది. గోడకు రెండు కన్నాలు పడ్డాయి. పెట్టెను ఎత్తి బిగించేసరికి మధ్యాహ్నం అయింది. ఎండ అద్దం మీద తళతళమంది. ఇద్దరూ లోపలికి పరిగెత్తి పై కన్నం దగ్గర చేతులు పెట్టారు.

"వస్తోంది," అంది ఆమె.

"వస్తోందా?"

"వస్తోందండీ. కొంచెం."

నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెడితే తగిలేంత గాలి, అంతే వెచ్చన. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎండ వాలింది. గోడకు తగిలించిన థర్మామీటరులో పాదరసం ఉన్నచోటే ఉంది. అతను సందులకు లప్పం పెట్టాడు. రంగు పచ్చిగా ఉందేమో అన్నాడు. మర్నాడు షెడ్డుకు వెళ్ళకుండా అద్దం తుడిచాడు. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే. పైగా ఆ కన్నాల్లోంచి తెల్లవారుజామున చలి దూరుతుంటే అతని పాత చొక్కాలు ఉండచుట్టి వాటిలో కుక్కారు. ఆమె మూల గోడ మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి తడిసింది.

శనివారం మీటరు మావయ్యను తీసుకొచ్చాడు.

"ఈ మెట్లు ఎక్కించేబదులు నా మోకాళ్ళు ఊడదీసి మీరే తెచ్చుకోవాల్సిందిరా," అని ఆయన రొప్పుతూ వచ్చి, అద్దం మీద చెయ్యి పెట్టి చూశాడు. పలకను అద్దానికి ఆనించాడు. ముల్లు గీతకు చాలా ఇవతలే ఆగిపోయింది.

"రోజూ దాటేదన్నావు కదమ్మా?"

"దాటేది మావయ్యా. ఇటివ్వండి చూపిస్తా." అలవాటైన చేత్తో పలకను అందుకుని, పైకెత్తి, పక్కకు వంచి తిప్పింది. ముల్లు లేచింది, దాటింది. "ఇదిగో, చూడండి!"

ఆయన ముల్లు వైపు చూడలేదు. ఆమె చేతి వైపు చూస్తున్నాడు.

"నువ్వు పలకను తిప్పావు తల్లీ," అన్నాడు మెల్లగా. "పెట్టె తిరగదు కదా."

ఆమెకు అర్థం కాలేదు.

"ఎండ ఈ గోడను ఓరగా రాసుకుంటూ పోతోంది. ఎదురుగా తగలట్లేదు. నువ్వు చూసింది ఆకాశంలో ఉన్న ఎండమ్మా. గోడకు తగిలేది ఇందాక నేను చూపించిందే."

"జ్వరం చూసినట్టే చూశాను మావయ్యా," అంది. "ఎక్కడెక్కువ ఉంటే అదే కదా..." మాట అక్కడే ఆగింది. చెయ్యి ఇంకా సూర్యుడివైపే ఎత్తి ఉంది.

భర్త పెట్టె చుట్టూ తిరిగాడు. "వంచి పెడితే? సూర్యుడివైపు?"

"మెట్లకు అడ్డం వస్తుంది. నిప్పంటుకుంటే మీరంతా దిగే దారి ఇదే."

"పైన మిద్దె మీద పెడితే?"

"వేడిగాలి పైకి పోతుంది గానీ కిందికి దిగుతుందట్రా? నీకు నేను చెప్పాలా?" ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "పైగా చలి ముదిరేకొద్దీ పొద్దు ఇంకా అటు జరుగుతుంది. ఈ మాత్రం కూడా ఉండదు. గోడకు ఆనించి చూడమని నీకు చెప్పాను కదరా."

ఆయన కటకటమంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాక భర్త మెట్టు మీద కూలబడి, "నీకా మాట చెప్పలేదు కదూ నేను," అన్నాడు.

"మొదటిరోజు ఆనించే చూశాను," అంది ఆమె.

"ఎంతొచ్చింది?"

"రాలేదు."

"ఆ రోజే చెప్పుంటే..." అని ఆగాడు. ఆ మాటను ఎటు నెట్టినా ఎవరికో ఒకరికి తగులుతుంది. చేతిలోని పానాను పక్కన పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. అతను తిట్టి ఉంటే ఆమె ఏడ్చి ఉండేది. తిట్టలేదు.

పొద్దువాలుతుండగా ఫోన్ మోగింది. అక్క పేరు చూసి అతను ఫోన్‌ను ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

"పొద్దున్నే బయల్దేరతామమ్మా," అంది ఆడపడుచు. గొంతు బొంగురుగా ఉంది. "దాని బట్టలు, మందులు, ఆ చిన్న కుర్చీ కూడా కట్టేశాను. కుర్చీ లేకపోతే తిండి తినదు."

"వదినా, తీసుకురాకండి."

"ఏం? వెచ్చబడలేదా?"

"లేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. బిగబట్టి, బిగబట్టి వదిలిన ఊపిరి. ముల్లు గీత దాటినప్పుడు తను వదిలే ఊపిరి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అదే ఇది. "అయ్యో," అంది ఆడపడుచు వెంటనే, గాభరాగా. "అయ్యో, పోనీలేమ్మా. ఈ చలికాలం గడవనీ. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే కదా?" వెనకనుంచి పిట్ట గొంతు వినబడింది. "ఎవరత్తా? ఎవరు?"

"మీ అమ్మ. మాట్లాడతావా?"

చిన్న అడుగుల చప్పుడు దగ్గరికి రాలేదు, దూరంగా పోయింది. "ఆటలో ఉందమ్మా," అంది ఆడపడుచు.

మర్నాడు ఆదివారం. మీటరు తిరిగిచ్చెయ్యాలి. ఇచ్చే ముందు ఆమె ఒకసారి మెట్ల మీదికి వచ్చింది. ఎండ బాగా ఉంది, మబ్బు తునక లేదు.

"ఎలా ఉందమ్మా జ్వరం?" కుట్టుమిషనావిడ అడిగింది. ఈసారి నోట్లో సూదులు లేవు. సంగతి ఆవిడకు తెలిసిపోయినట్టుంది.

పిట్ట తల్లి నవ్వాలని చూసింది, రాలేదు. పలకను పెట్టె అద్దానికి ఆనించింది. ఆ అద్దం కింది మూలన అంటుకున్న పాత కిటికీ రంగు మీద పిట్ట గోటితో గీకిన సన్నటి గీతలు కొన్ని, కిటికీలో ఉన్నప్పటివి, ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే పలకను అదిమి పట్టుకుంది. ముల్లు కదిలింది. ఆగింది.

భర్త తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాసేపు మీటరు వైపు చూశాడు.

"కొంచెం తిప్పి చూడు," అన్నాడు.

అతనికి తెలియక అన్న మాట కాదది. ఆమె అతని మొహం చూడకూడదనుకుని కూడా చూసింది. చూస్తూనే పలకను ఇంకా గట్టిగా అద్దానికి అదిమింది. వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. పొద్దు వాలేకొద్దీ మెట్లవైపు మేడ నీడ మెట్టు మెట్టూ ఎక్కి, ఆమె పాదాల మీదికి, చీర అంచు మీదికి, పెట్టె అద్దం మీదికి వచ్చింది. ముల్లు మొదటికొచ్చి పడుకుంది.

ఆమె చెయ్యి తియ్యలేదు.